ఎంఓయూ ఫొటోలు చాలు, ఫైలు ఎక్కడ ఆగిందో చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. యూనివర్సిటీలో పుట్టిన పరిశోధన కంపెనీల దాకా ఎందుకు వెళ్లట్లేదు, వెళ్లినా మధ్యలో ఎందుకు చెడుతోంది, పైన కూర్చున్నవాళ్లు దీనికి ఏం చేయాలి అని. ఈ శీర్షికకు రాకముందు నేను చాలా ఏళ్లు ఒక యూనివర్సిటీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో, అంటే ల్యాబ్‌లో పుట్టినదాన్ని కంపెనీలకు అందించే ఆఫీసులో పనిచేశాను. అందుకని కొన్నిచోట్ల మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. పొడుగు ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: సార్, నేను వైస్ చాన్సలర్‌గా చేరి ఆరు నెలలైంది. కంపెనీలతో మాకు 40కి పైగా ఎంఓయూలున్నాయి, వాటిల్లో నిజంగా పని జరిగినవి మూడే. పరిశ్రమలతో సంబంధాల కోసం కొత్తగా ఒక డైరెక్టర్ పోస్టు పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: పోస్టు సంగతి తర్వాత. ముందు పని జరిగిన ఆ మూడింటి ఫైళ్లు తెప్పించుకుని మీరే కూర్చుని చూడండి. ఒక కాగితం తీసుకుని, ఫైలు ఏ తేదీన ఏ టేబుల్ మీదికి వచ్చింది, ఏ తేదీన కదిలింది అని వరసగా రాయండి. గంట పని. ఆ కాగితం చూశాక డైరెక్టర్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది.

నేను ఒకసారి ఇలాగే రాశాను. లోహం తుప్పు పట్టకుండా వేసే ఒక పూతకు లైసెన్స్ అడిగింది ఓ కంపెనీ. వాళ్లు అడిగిన రోజు నుంచి మా సంతకం పడేదాకా ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఎవరైనా ఆ కాగితాలు నిజంగా చదివిన రోజులు పది కూడా ఉండవు. ఫైనాన్స్ వాళ్లు ఒక కొర్రీ వేశారు, దానికి మేం జవాబిస్తే దాని మీద ఇంకో కొర్రీ వేశారు, లీగల్ సలహాదారు సెలవులో ఉన్నారు, కమిటీకి కోరం లేక మీటింగ్ రెండుసార్లు వాయిదా పడింది, అన్నీ అయ్యాక ఎవరికో ‘పరిశోధన ఫలితాలు’ అన్న మాటకు నిర్వచనం లేదని అనుమానం వచ్చి ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. చివరికి సంతకం అయ్యేసరికి కంపెనీలో మాతో మాట్లాడిన మేనేజర్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు, ఆయన స్థానంలో వచ్చినాయనకు అసలీ పూత ఎందుకు అడిగారో కూడా తెలియదు. లైసెన్స్ కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

ఎంఓయూ అంటే ‘మనం కలిసి ఏదైనా చేద్దాం’ అని ఇద్దరూ అనుకోవడమే. అందులో పని ఉండదు, గడువు ఉండదు, డబ్బు ఉండదు, ఫలితం ఎవరిదో ఉండదు. ఇవన్నీ రాసుంటేనే ఒప్పందం. అందుకని ఎంఓయూల సంఖ్య మీ వార్షిక నివేదికలో వేయకండి, వేసినకొద్దీ కిందివాళ్లు అవే తెస్తారు.

వీసీ మాత్రమే చేయగల పనులు రెండు మూడున్నాయి. ఒకటి, సంతకం అధికారం కిందికి దించడం. ముందే ఆమోదించిన నమూనాలో, ఫలానా మొత్తం లోపు ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆఫీసు అధిపతి సంతకం చాలు అని రాతపూర్వకంగా ఇవ్వండి. నమూనా మార్చాల్సి వస్తేనే మీ దాకా రావాలి. నమూనాలను మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బ్రిటన్‌లో 2003 నాటి లాంబర్ట్ నివేదిక, యూనివర్సిటీలూ కంపెనీలూ ఒప్పందాల దగ్గరే ఏళ్లూపూళ్లూ కొట్టుకుంటున్నాయని తేల్చాక 2005లో నమూనా ఒప్పందాల కట్ట ఒకటి తయారుచేశారు. ఫలితం యూనివర్సిటీదే అయితే ఒక నమూనా, కంపెనీదే అయితే ఇంకొకటి, అలా. ఎవరైనా చదువుకోవచ్చు. మొదటి మీటింగులోనే ‘మనది వీటిల్లో ఏ రకం’ అని తేల్చుకుంటే సగం గొడవ అక్కడే పోతుంది.

రెండోది ప్రమోషన్ లెక్క. కంపెనీతో రెండేళ్లు పనిచేసి ఒక వస్తువును నడిపించి చూపించిన లెక్చరర్‌కు ఆ రెండేళ్లలో పేపర్లు తగ్గాయని మీ సెలక్షన్ కమిటీ మార్కులు కోస్తే, పక్క గదిలో ఉన్నవాళ్లంతా ఆ పాఠం నేర్చుకుంటారు. కటలిన్ కరికో అనే శాస్త్రవేత్త సంగతి తెలుసు కదా, ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు) మీద గ్రాంట్లు రావట్లేదని 1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆమెను కింది స్థాయికి దించింది. 2005లో ఆమె, తోటి పరిశోధకుడు డ్రూ వైస్‌మన్ కలిసి చేసిన పని మీద వచ్చిన పేటెంట్లే తర్వాత కోవిడ్ టీకాల దారిలో అదే యూనివర్సిటీకి లైసెన్స్ ఆదాయం తెచ్చిపెట్టాయి, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆమె అక్కడే పట్టుకుని వేలాడింది కాబట్టి సరిపోయింది. అందరూ వేలాడరు.

మూడోది మనుషుల రాకపోకలు. స్టాన్‌ఫర్డ్ అనగానే అందరూ పేటెంట్లు, స్టార్టప్‌లు అంటారు గానీ, అంతకు ముందు అక్కడ ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఇంజనీరింగ్ డీన్ చేసిన పని చూడండి. ఆయన ప్రోత్సాహంతోనే హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు శిష్యులు 1939లో కంపెనీ పెట్టారు. 1951లో యూనివర్సిటీ భూమిలోనే ఇండస్ట్రియల్ పార్కు మొదలైంది. ఆ తర్వాత చుట్టుపక్కల కంపెనీల ఇంజనీర్లు ఉద్యోగం చేసుకుంటూనే వచ్చి మాస్టర్స్ చదువుకునే ఏర్పాటు చేశారు. వాళ్లకు పాఠం చెబుతూ చెబుతూ ప్రొఫెసర్లకు ఆ కంపెనీల్లో ఏ పని ఎక్కడ ఆగిందో తెలిసిపోయేది. ఇందులో ఎంఓయూ ఎక్కడుంది చెప్పండి?

ఇవి చేశాక కూడా డైరెక్టర్ కావాలనిపిస్తే పెట్టండి. సంతకం అధికారం లేకుండా పెట్టారో, ఫైలు ఆగే టేబుల్ ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడో ఏడాది. వచ్చే వారం ఒక కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెడుతున్నాను. పోస్టర్‌లో అసలు కిటుకు మొత్తం ఉంది. మా గైడ్ ‘ముందు పేపర్, పేటెంట్ తర్వాత చూద్దాం’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇవాళే మీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు వెళ్లండి, ఈ శీర్షిక మిగతాది తర్వాత చదువుకోవచ్చు. పేటెంట్‌కు కావాల్సిన మొదటి లక్షణం కొత్తదనం. పదిమంది ముందు పెట్టేశాక అది కొత్తది కాదు. అమెరికాలో మీరే బయటపెట్టినదానికి ఏడాది గడువు ఇస్తారు, యూరప్‌లో దాదాపుగా ఆ వెసులుబాటు లేదు, మిగతా దేశాల్లో తలో తీరు. పోస్టరైనా అంతే, వెబ్‌సైట్‌లో పెట్టిన అబ్‌స్ట్రాక్ట్ అయినా అంతే, లైబ్రరీ అరలో చేరిన థీసిస్ అయినా అంతే.

దీనికి అందరూ చెప్పుకునే కథ డీఎన్‌ఏ ముక్కలను అతికించే పద్ధతిది. స్టాన్‌ఫర్డ్‌లో స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో హెర్బర్ట్ బోయర్ కలిసి చేసిన పని 1973 నవంబరులో పేపరుగా వచ్చింది. పేటెంట్ ఆలోచన ఇద్దరికీ లేదు. కోహెన్ అయితే మొదట వద్దన్నారు కూడా. మరుసటి ఏడాది పత్రికలో వచ్చిన వార్త స్టాన్‌ఫర్డ్ లైసెన్సింగ్ ఆఫీసును నడిపే నీల్స్ రీమర్స్ కంట పడింది, ఆయన వెంటపడి ఒప్పించారు. 1974 నవంబరులో, ఏడాది గడువు ఇంకో వారంలో అయిపోతుందనగా దరఖాస్తు వేశారు. అమెరికాలో హక్కు దక్కింది, మిగతా ప్రపంచంలో పోయింది. అయినా 1997లో గడువు తీరేదాకా 468 కంపెనీలు లైసెన్స్ తీసుకుంటే వచ్చిన మొత్తం సుమారు 25.5 కోట్ల డాలర్లు. ఒక్క కంపెనీకే కట్టబెట్టకుండా, ఎవరడిగినా తక్కువ ఫీజుకే ఇచ్చారు కాబట్టి అంతమంది తీసుకున్నారు.

మీ గైడ్ గారితో గొడవ పడకండి. దరఖాస్తు పడిన మర్నాడే పేపర్ పంపుకోవచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు అన్న సంగతి చాలామంది పెద్దవాళ్లకు ఎవరూ చెప్పలేదు. వారం లోపు దరఖాస్తు కుదరదని ఆఫీసు వాళ్లంటే, పోస్టర్‌లో ఫలితాలు ఉంచి తయారీ పద్ధతి తీసేయవచ్చా అని వాళ్లనే అడగండి. ఏది ఉంచాలో మీ అంతట మీరు తేల్చుకోకండి.

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. ఒక ప్రొఫెసర్ గారితో పని మొదలుపెట్టాం. మూడు నెలలన్నారు, ఏడాది దాటింది. అడిగితే ‘పరీక్షలు, సెలవులు’ అంటారు. పైగా ఇప్పుడు ఆ పని మీద విద్యార్థి థీసిస్ రాస్తాడట. మా రహస్యాలు ఏం కావాలి?

జవాబు: తప్పు చెరిసగం. మీరు పరిశోధన కొన్నారు, మనసులో మాత్రం వస్తువు కొన్నాననుకున్నారు. ల్యాబ్‌లో బీకరులో పనిచేసినదానికీ, మీ లైనులో రోజంతా ఆగకుండా పనిచేసేదానికీ మధ్య చాలా దూరం. నాసా వాళ్లు మొదలుపెట్టిన టెక్నాలజీ రెడీనెస్ లెవెల్ అనే కొలత ఒకటుంది, 1 నుంచి 9 దాకా. మూడు నాలుగు దగ్గర యూనివర్సిటీ పని సాధారణంగా ఆగుతుంది, ఏడు ఎనిమిది దగ్గర కంపెనీలు డబ్బు తీయడం మొదలుపెడతాయి. మధ్యలో ఉన్న మెట్లు ఎవరు ఎక్కాలి, ఎవరి ఖర్చుతో ఎక్కాలి అన్నది మీ ఒప్పందంలో ఉండి ఉండదు.

వాళ్ల తప్పు, సెమిస్టర్ క్యాలెండర్‌ను మీ ముందు పెట్టకపోవడం. ఇప్పుడైనా అడిగి తీసుకోండి. మీ పని చేస్తున్నది ప్రొఫెసర్ గారు కాదు, ఒకరో ఇద్దరో స్కాలర్లు. వాళ్లకు పరీక్షలు ఎప్పుడు, వాళ్లు ఎప్పుడు వెళ్లిపోతారు, వెళ్లిపోతే ఆ చేతిపని ఇంకెవరికి వచ్చు? ఈ మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే భయపడాల్సిందే.

ఇక థీసిస్. దాన్ని ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆ కుర్రాడి డిగ్రీ మీ రహస్యం కింద నలిగిపోవడం న్యాయం కాదు. దీనికి మామూలుగా రాసుకునే షరతు ఏంటంటే, బయటికి పంపేముందు పేపర్ గానీ థీసిస్ గానీ మీకు చూపిస్తారు, మీరు 30 రోజుల్లోనో 60 రోజుల్లోనో అభ్యంతరం చెప్పాలి, మీరిచ్చిన రహస్య సమాచారం ఉంటే తీసేస్తారు, పేటెంట్ వేయాల్సింది ఉంటే ఇంకొన్నాళ్లు ఆగుతారు. అంతకుమించి అడిగితే ఏ మంచి యూనివర్సిటీ అయినా ఒప్పుకోదు. మీరు పనికి ముందే తెచ్చుకున్న పరిజ్ఞానం మీ సొంతం, కలిసి చేసినప్పుడు పుట్టినది ఎవరిదో వేరే మాట అని రెండు జాబితాలు విడివిడిగా రాసుకోండి. మొదటి జాబితా మొదటి రోజే రాయాలి. ఏడాది తర్వాత రాస్తే ఎవరికి గుర్తున్నది వాళ్లు రాస్తారు.

ప్రశ్న: యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగంలో ఉన్నాను. మా ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు వచ్చే రాయల్టీ వాళ్ల జీతాలకే చాలట్లేదు. మూసేయమని నోట్ పెట్టాను. తప్పా?

జవాబు: లెక్క తప్పు కాదు. అమెరికాలోనే చాలా ఆఫీసులకు లైసెన్స్ ఆదాయం ఖర్చులకు సరిపోదు. ఏ యూనివర్సిటీకైనా వచ్చే డబ్బులో పెద్ద భాగం ఒకటో రెండో లైసెన్సుల నుంచే వస్తుంది, మిగతావన్నీ చిల్లర. గూగుల్ సెర్చ్ వెనకున్న పేటెంట్‌ను స్టాన్‌ఫర్డ్ షేర్లకు ఇచ్చి, ఆ 18 లక్షల షేర్లను 2005 నాటికి 33.6 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. ఆ అంకె చూసి ఊళ్లో ప్రతి యూనివర్సిటీ ఆఫీసు తెరిచింది. లాటరీ తగిలినవాడిని చూసి టికెట్ల బడ్జెట్ వేసుకున్నట్టు.

అయితే ఆ ఆఫీసు చేసే పనిలో రాయల్టీ ఒక ముక్క. కంపెనీలు డబ్బిచ్చి చేయించుకునే పరిశోధన ఎంత పెరిగింది, వాళ్ల దగ్గర ఎందరు విద్యార్థులకు ఉద్యోగాలొచ్చాయి, ఎన్ని తప్పుడు సంతకాలను ఆ ఆఫీసు ఆపింది, ఇవి మీ లెడ్జర్‌లో వేరే పేజీల్లో ఉంటాయి. మీ నోట్‌లో అవి కలిపి చూడండి. అప్పుడు కూడా మూసేయాలనిపిస్తే మీ ఇష్టం.

ఒకటి మాత్రం మీ చేతిలో ఉంది. వచ్చిన రాయల్టీలో ఆవిష్కర్త వాటాను ఆలస్యం చేయకండి. స్టాన్‌ఫర్డ్‌లో ఆఫీసు ఖర్చుకు కొంత శాతం, పేటెంట్ ఖర్చులు తీసేసి మిగిలింది మూడు వాటాలు వేస్తారు. ఆవిష్కర్తకు ఒకటి, డిపార్ట్‌మెంట్‌కు ఒకటి, ఆ డిపార్ట్‌మెంట్ ఉన్న స్కూల్‌కు (మన కాలేజీ లాంటిది) ఒకటి. మీ దగ్గర ఏ వాటా అయినా సరే, మొదటి చెక్కు చిన్నదైనా గడువులో ఇవ్వండి. ఆ చెక్కు గురించి క్యాంటీన్‌లో నడిచే మాట, మీరు పెట్టే పది వర్క్‌షాపుల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. చెక్కు రాకపోయినా అంతే.

ప్రశ్న: మా స్కాలర్ ఒక కంపెనీ ల్యాబ్‌లో కొత్త పరికరం నేర్చుకోవడానికి వెళ్తోంది. గేటు దగ్గర విజిటర్ ఫారం సంతకం చేయమంటారట. దాన్ని కూడా లీగల్‌కి పంపాలా? మరీ అతిగా లేదూ?

జవాబు: పంపండి. అతి అని నేనూ అనుకునేవాణ్ని.

1988లో స్టాన్‌ఫర్డ్‌లో చేరిన ఒక పరిశోధకుడు తన ఆవిష్కరణల హక్కులను యూనివర్సిటీకి ‘బదిలీ చేయడానికి ఒప్పుకుంటున్నాను’ అని సంతకం చేశాడు. పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లి, అక్కడ విజిటర్‌గా ఒక గోప్యత కాగితం మీద సంతకం పెట్టాడు. దాంట్లో ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను’ అని ఉంది. తర్వాత హెచ్‌ఐవీ వైరస్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద స్టాన్‌ఫర్డ్ పేటెంట్లు తీసుకుంది. సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని రోష్ అనే మందుల కంపెనీ కొనుక్కుంది. ఆ పేటెంట్ల మీద స్టాన్‌ఫర్డ్, రోష్ మధ్య నడిచిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. ఒకటి ఎప్పుడో చేస్తానన్న మాట, ఇంకొకటి అప్పటికప్పుడు చేసేసిన పని, అందుకని హక్కు రెండో కాగితం వెంట పోయిందని కింది కోర్టు చెప్పింది. ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన కాబట్టి 1980 నాటి బే-డోల్ చట్టం కింద హక్కు మాదే అని స్టాన్‌ఫర్డ్ వాదిస్తే, ఆ చట్టం ఆవిష్కర్త చేతిలోంచి హక్కును దానంతటదే లాక్కుని యూనివర్సిటీకి ఇవ్వదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక్క క్రియాపదం తేడా. ఆ అమ్మాయి మీ దగ్గర చేరినప్పుడు సంతకం చేసిన కాగితం తీసి ముందు అందులో ఏ క్రియ ఉందో చూడండి. స్కాలర్లతో అసలు కాగితమే రాయించుకోని యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, మీది ఆ కోవలోదైతే విజిటర్ ఫారం గురించి తర్వాత ఆలోచిద్దురుగానీ.

ప్రశ్న: ప్రొఫెసర్ స్టార్టప్ పెట్టి తన పీహెచ్‌డీ విద్యార్థులనే అందులో పనికి పెట్టుకోవచ్చా?

జవాబు: స్టార్టప్ పెట్టుకోవచ్చు. గైడే యజమాని కావడం మాత్రం కుదరదు. ‘ఈ వారం థీసిస్ పని కాదు, కంపెనీ డెమో ఉంది’ అంటే ఆ పిల్లాడు కాదనగలడా? వాడి డిగ్రీ ఎవరి చేతిలో ఉంది? వేరే ప్రొఫెసర్‌ను గైడ్‌గా వేసి, వాటాల సంగతి రాతపూర్వకంగా ప్రకటించి, అప్పుడు చేయనివ్వండి. ప్రకటించినవాళ్లను దొంగల్లా చూడకండి, చూస్తే రెండోవాడు ప్రకటించడు.

ప్రశ్న: ఇదంతా చదువులమ్మ గుడిలో వ్యాపారం కాదా? ప్రజల డబ్బుతో చేసిన పరిశోధనను ఒక కంపెనీకి రాసివ్వడం ఏం న్యాయం?

జవాబు: మీ కోపం సబబే, కానీ ఇన్సులిన్ కథ ఒకసారి వినండి. 1923లో ఆవిష్కర్తలు ఇన్సులిన్ పేటెంట్ హక్కులను టొరంటో యూనివర్సిటీకి తలో డాలరుకు ఇచ్చేశారు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ పేటెంట్ విషయంలో యూనివర్సిటీ ఏం చేసిందో ఎవరూ చెప్పరు. వాళ్లు పేటెంట్‌ను చించేయలేదు. ఇన్సులిన్ కమిటీ అని ఒకటి వేశారు. తమ చేతుల్లో పెద్ద మొత్తంలో తయారుకావట్లేదని ఎలై లిల్లీ కంపెనీకి కొద్దికాలం ముందు అవకాశం ఇచ్చి, తర్వాత వేరే తయారీదారులకూ లైసెన్సులిచ్చారు. తయారైన మందు నమూనాలను పరీక్షించే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. పేటెంట్ చేతిలో ఉంది కాబట్టే నాసిరకం మందును ఆపగలిగారు, ఒక్కరే గుత్తకు తీసుకోకుండా చూడగలిగారు.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. హెచ్‌ఐవీకి వాడే డీ4టీ అనే మందు మీద పేటెంట్ యేల్ యూనివర్సిటీది, లైసెన్స్ బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ కంపెనీది. 2001లో దక్షిణాఫ్రికాలో ధర మోయలేక జనం అల్లాడుతుంటే యేల్ విద్యార్థులు, ఆ మందు కనిపెట్టినవాళ్లలో ఒకరైన ప్రొఫెసర్ గట్టిగా అడిగారు. అప్పుడు గానీ అక్కడ పేటెంట్ హక్కును అడ్డం పెట్టబోమని కంపెనీ ప్రకటించలేదు. ఈ షరతు లైసెన్స్‌లో మొదటే రాసుకుని ఉంటే అంత గొడవ ఉండేది కాదు.

అందుకని మీ యూనివర్సిటీని లైసెన్స్ ఇవ్వొద్దని అడగకండి, లైసెన్స్‌లో ఏం రాశారని అడగండి. ఏళ్లపాటు వాడకుండా పక్కన పెడితే హక్కు వెనక్కి వస్తుందా? బీద దేశాలకు ధర సంగతి ఏంటి? మీ సొంత ల్యాబ్‌లో బోధనకూ పరిశోధనకూ వాడుకునే హక్కు మిగిలిందా?

ప్రశ్న: వచ్చే సోమవారం ఒక పెద్ద కంపెనీ బృందం మా క్యాంపస్‌కు మొదటిసారి వస్తోంది. వీసీ గారు 60 స్లైడ్ల ప్రెజెంటేషన్ తయారుచేయమన్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఆరు స్లైడ్లు చాలు. వాళ్లు వచ్చేది మీ ర్యాంకు చూడ్డానికి కాదు. కూర్చోగానే ‘మీ దగ్గర ఏ పని ఆగిపోయి ఉంది’ అని అడిగి, వీసీ గారితో సహా అందరూ ఇరవై నిమిషాలు నోరు మూసుకుని రాసుకోండి. తర్వాత ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఆ పరికరం మీద రోజూ చెయ్యి పెట్టే స్కాలర్‌ను మాట్లాడనివ్వండి. ఆ కుర్రాడు ఉత్సాహంలో అన్నీ చెప్పేస్తాడు, అందుకని ఎన్‌డీఏ (విన్నది బయటపెట్టబోమనే ఒప్పందం) మీద సంతకాలు ల్యాబ్ తలుపు తీయక ముందే అయిపోవాలి. ఆ ఫైలు శుక్రవారానికి ఎవరి టేబుల్ మీదుందో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి.